మానుకోటలో సముద్రపు పువ్వు

తుల్సీబాయి పిరికిది కాదు. ఈ మాట ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే ఇకమీద చెప్పబోయేదంతా ఆమె భయపడిన సంగతే. నర్సింహులపేట దగ్గర తండాలో పుట్టింది. పత్తి చేనులో కట్లపాము ఎదురైతే కేకలు పెట్టకుండా, కొడవలి తిప్పి పట్టుకుని, "నువ్వన్న పో, నేనన్న పోత" అని నిలబడ్డ మనిషి. మొగుడు హీరాలాల్ జ్వరంతో పోతే ఒంటిచేత్తో కూతురి పెళ్ళి చేసి కొత్తగూడ పంపింది. తర్వాత మానుకోట వచ్చి ఒక చిన్న దవాఖానలో ఆయాగా చేరింది. పుండ్లు కడిగింది, పురుళ్ళు చూసింది, శవాలకు గుడ్డ కప్పింది. అలాంటి మనిషిని నలభై ఆరో ఏట వణికించిందేమిటయ్యా అంటే, గాజు తొట్టిలో బతికే పిడికెడంత జంతువు. నవ్వొస్తే నవ్వుకోండి. ఆమెకైతే ఆ నలభై రోజులూ నవ్వు రాలేదు.

ఆ దవాఖాన డాక్టరమ్మ పేరు గ్రేస్. సొంతూరు కాకినాడ. ఆమె భర్త జాన్ మానుకోటలోనే ఒక కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. పొద్దున, సాయంత్రం వాళ్ళింట్లో పని కూడా తుల్సీబాయిదే. కొత్తలో ఆమె "గిదేంది డాక్టరమ్మా, గిట్ల పెట్టిన్రు" అన్నప్పుడల్లా డాక్టరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకునేది. ఒకరోజు ఆపుకోలేక, "అచ్చం సినిమాల్లో కామెడీ వాళ్ళలాగే మాట్లాడతావు తుల్సీ" అనేసింది.

తుల్సీబాయి చేతిలో చీపురు కింద పెట్టింది. "సినిమావోడే నా లెక్క మాట్లాడిండమ్మా, నన్ను ఒక్క మాటన్న అడగకుంట" అంది.

డాక్టరమ్మ మొహం చిన్నబోయింది. మళ్ళీ ఎన్నడూ నవ్వలేదు. అప్పటినుంచి వాళ్ళిద్దరికీ బాగానే కుదిరింది. ఆరేళ్ళు గడిచాయి.

ఇక ఆ జంతువు సంగతి. జాన్ సారుకు సముద్రం మీద బెంగ. ఎంత బెంగ ఉంటే మాత్రం, చుక్క ఉప్పునీరు దొరకని మానుకోటలో, హాలు మధ్యన ఆరడుగుల గాజు తొట్టి పెట్టి అందులో సముద్రం తయారు చేస్తారా ఎవరైనా? ఆయన చేశాడు. హైదరాబాదు నుంచి ఉప్పు ప్యాకెట్లు తెచ్చాడు, రాళ్ళు తెచ్చాడు, తెల్ల చారల నారింజ చేపలు రెండు తెచ్చాడు. వాటికి ఇల్లుగా ఎనిమోన్ అనే దాన్ని తెచ్చి రాయి మీద పెట్టాడు. చూడ్డానికి విచ్చుకున్న పువ్వు. రేకుల బదులు బంగారు రంగు వేళ్ళు, కొసల్లో ఊదారంగు. చేపలు ఆ వేళ్ళ మధ్యనే పడుకునేవి.

"ఇది పువ్వు కాదు తుల్సీ, జంతువు. దీనికి నోరుంది, కాలుంది" అన్నాడు సారు.

"నోరున్నది, కాలున్నది, కండ్లే లేవా? అయ్యో పాపం" అంది తుల్సీబాయి. అయినా దాన్ని పువ్వు అనే పిలిచింది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో డాక్టరమ్మ వాళ్ళమ్మ కాకినాడలో బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వారం పది రోజుల్లో వస్తామని మొగుడూ పెళ్ళాలు బయల్దేరారు. వెళ్ళే ముందు సారు రెండు రోజులపాటు తుల్సీబాయికి పాఠం చెప్పాడు. ఆమెకు చదువు రాదు, కాబట్టి అంతా నోటిమాటే.

"ఈ ఎర్ర గీత కిందికి నీళ్ళు దిగితే ఫిల్టరు నీళ్ళు పొయ్యి. ఉప్పు కలిపినవి కాదు, మంచినీళ్ళే. ఎందుకంటే ఉప్పు ఎగిరిపోదు, నీళ్ళే ఎగిరిపోతాయి."

"పప్పు ఇగిరితె ఉప్పు ఎక్కువైతది, గట్లనే గదా."

"అంతే!" అన్నాడు సారు సంబరంగా. పది రోజులకోసారి రెండు బకెట్ల పాత నీళ్ళు తీసి, కొత్తగా ఉప్పు కలిపిన నీళ్ళు పొయ్యాలి. బకెట్‌కు ఇంత అని ఉప్పుకు కొలతగిన్నె ఇచ్చాడు. ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి ముల్లున్న చిన్న డబ్బా ఇచ్చి, నీళ్ళు పోస్తే ముల్లు ఆకుపచ్చ గీత మీద ఆగాలన్నాడు. వారానికి రెండుసార్లు గోరంత రొయ్య ముక్క పుల్లతో అందించాలి. సబ్బు తగిలిన బకెట్ వాడకూడదు. ఇనుము తగలకూడదు. కొళాయి నీళ్ళు అసలే వద్దు. గాలి బుడగలు ఆగితే దానికి ఊపిరి ఆగినట్టే. నోరు మూసుకుని, వేలు పెడితే వేలికి అంటుకుంటోందంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. నోరు తెరుచుకుని, రాయి వదిలేసి తిరుగుతోందంటే ప్రమాదం. చచ్చిందా, వెంటనే తీసెయ్యాలి, లేకపోతే కుళ్ళి చేపల్ని కూడా చంపుతుంది. తుల్సీబాయి అన్నీ వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి ఒప్పజెప్పింది. ఒక్కటి కూడా తప్పలేదు.

వాళ్ళు రైలెక్కిన మూడో రోజున సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతబడ్డాయి, కచేరీలు మూతబడ్డాయి, తర్వాత బస్సులు ఆగాయి, రైలు రోకోలతో రైళ్ళూ ఆగాయి. భూపాలపల్లి వైపు గనుల్లో బొగ్గు తవ్వడం ఆపేశారు, దాంతో కరెంటుకు కరువొచ్చింది. మానుకోటలో పొద్దున పోయిన కరెంటు ఎప్పుడొచ్చేదో దేవుడికే ఎరుక. కాకినాడ నుంచి డాక్టరమ్మ ఫోన్ చేసి, ఇప్పుడెళ్తే మీ ప్రాణాలకు ఎవరు జవాబుదారీ అని చుట్టాలు కదలనివ్వడం లేదని చెప్పింది. "మా ఇల్లు ఎలా ఉంది తుల్సీ? అంటే... ఎవరూ ఏం చెయ్యలేదు కదా?"

"ఏం చేస్తరమ్మా, ఇల్లు ఇల్లు లెక్కనే ఉన్నది" అంది తుల్సీబాయి.

చెప్పని మాట ఒకటుంది. ఆ పొద్దున్నే ఎవరో ప్రహరీగోడ మీద బొగ్గుతో 'ఆంధ్రావాలా గో బ్యాక్' అని రాసిపోయారు. చదువు రాకపోయినా ఆ అక్షరాలు ఆమెకు తెలుసు, ఊరి గోడలన్నిటి మీదా అవే కదా. బకెట్‌తో నీళ్ళు తెచ్చి కొబ్బరి పీచుతో రుద్ది కడిగేసింది. కడుగుతుండగా తమ్ముడు దేవ్‌సింగ్ ఆటోలో వచ్చి నిలబడ్డాడు. తండాలో ఉద్యమమంటే ముందుండేది అతనే.

"ఏందక్కా గిది? మనోళ్లు రాసింది నువ్వు కడుగుతున్నవా? నీకు తెలంగాణ వద్దా?"

"ఎందుకొద్దుర? నిన్న మూడుబొమ్మల చౌరస్తా కాడ రోడ్డు మీద వంటావార్పుల గంజి వార్చింది ఎవరు, నువ్వా? తెలంగాణ గావాలె. ఈ గోడ సుత మంచిగుండాలె. నేను ఆరేండ్లు అలికిన వాకిలి ఇది" అని కసిరింది. దేవ్‌సింగ్ పోతూ పోతూ ఒక మాట వదిలి వెళ్ళాడు. "జర పైలం అక్కా. ఆ చేపలకేమన్న అయితె, తెలంగాణోళ్లు కావాలని సంపిన్రు అంటరు. నిన్నే అంటరు."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది. నిజమే కదా! తాళం తన దగ్గర. ఇంట్లోకి వచ్చేది తనొక్కతే. ఊరంతా ఆంధ్రోళ్ళ మీద మండిపడుతోంది. ఈ సమయంలో పువ్వు చస్తే, కరెంటు పోయి చచ్చిందని ఎవరు నమ్ముతారు? ఆరేళ్ళు చాకిరీ చేసిన చెయ్యి ఒక్కరోజులో విషం పెట్టిన చెయ్యి అయిపోతుంది. ఆ ఇంట్లో పని పోతే ఇంకోచోట చేసుకుంటుంది, రెక్కలున్నాయి. ఆ పేరు పడితే ఎక్కడ కడుక్కుంటుంది? ఇదీ ఆమె భయం.

ఆ రోజు నుంచి కరెంటు పోగానే ఆమె తొట్టి దగ్గర పీట వేసుకుని కూర్చునేది. ఇన్వర్టరు గంటన్నరకే చతికిలబడేది. సెల్లుల మీద నడిచే బుడగల మిషన్ ఉంది, కానీ బందుల్లో సెల్లులు దొరకవు. అందుకని ప్లాస్టిక్ జగ్గుతో తొట్టిలో నీళ్ళు ముంచడం, పైనుంచి ధారగా తొట్టిలోకే వదలడం. నీళ్ళు చిలికినట్టయి గాలి కలుస్తుందని సారు చెప్పాడు. ముంచడం, వదలడం. రెండు గంటలు, ఒక్కోరోజు నాలుగు గంటలు. భుజాలు గుంజేవి, ఉప్పుకు వేళ్ళ సందులు పగిలిపోయేవి. వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మ ఆడటానికి పిలిస్తే, "మీరు ఆడుండ్రి, నా బతుకమ్మ ఈడ నీళ్లల్ల ఉన్నది" అని వెళ్ళలేదు.

మొదటి రెండు వారాలు పువ్వు బాగానే ఉంది. చిక్కల్లా నీళ్ళతో వచ్చింది. ఫిల్టరు మిషన్ కూడా కరెంటు మీదే నడుస్తుంది. కరెంటు వచ్చిన గంటసేపట్లో పట్టి నిల్వ చేసుకోవాలి. సారు ఉంచిన తెల్ల ప్లాస్టిక్ డ్రమ్ము చాలడం లేదు. ఇంట్లో ఉన్న బకెట్లన్నీ సబ్బు తగిలినవే. నీళ్ళు కాచే ఇనుప గుండిగ ఉంది, ఇనుము వద్దన్నాడు. చాలాసేపు ఆలోచించి, చివరకు రైలు గేటు అవతల తన అద్దెగదికి వెళ్ళి రాగి బిందె తెచ్చింది.

అది వాళ్ళమ్మ సాయమ్మది. తండాలో ఎవరికి ఒళ్ళు బాగా లేకపోయినా, చివరికి సాయమ్మకే జబ్బు చేసినా, ముందురోజు నుంచి అందులో నిలవబెట్టిన నీళ్ళే తాగించేవారు. రాగిలో నిలిస్తే నీళ్ళలో దోషం పోతుందని చిన్నప్పటి నుంచి విన్నది, నమ్మింది, ఆ మాటకొస్తే మనలో నమ్మనిదెవరు? తుల్సీబాయి చింతపండు, ఉప్పు పెట్టి బిందెను ధగధగలాడేలా తోమింది. ఫిల్టరు నీళ్ళు దాన్నిండా పట్టి, తెల్లారేదాకా నిలవుంచి, ఆ నీళ్ళే గీత దాకా పోసింది. ఉప్పు నీళ్ళు కూడా అందులోనే కలిపింది. ఇంట్లో ఉన్నవాటిలో ఇంతకన్నా మంచి పాత్ర లేదని ఆమెకు తృప్తిగా ఉండేది.

దసరా వెళ్ళిన మూడో రోజు పువ్వు వేళ్ళు పొట్టివయ్యాయి. ఆ మర్నాటికి రంగు వెలిసింది. రొయ్య ముక్క అందిస్తే పట్టుకోలేదు, వదిలేసింది. కరెంటు లేకనే ఇలా అవుతోందనుకుంది తుల్సీబాయి. మంచి నీళ్ళు పోస్తే తేరుకుంటుందని, పది రోజులకోసారి మార్చాల్సిన నీళ్ళు రెండు రోజులకోసారి మార్చింది. ఆ మంచి నీళ్ళు ఎక్కడివి? బిందెలోవి. భయం ఎంత పెరిగితే అన్ని బిందెలు పోసింది. ఎన్ని పోస్తే పువ్వు అంతగా ముడుచుకుపోయింది. ఆమెకేం తెలుసు పాపం, ఇంకొక బిందె ఎక్కువ పోస్తే బతుకుతుందేమోనని చూసింది.

సాయంత్రాలు ఫోన్ మోగేది. "పువ్వు ఎలా ఉంది?" "మంచిగున్నది సారూ." నాలుగు రోజులు ఇలాగే అబద్ధమాడింది. పుట్టి బుద్ధెరిగాక ఇన్ని అబద్ధాలు ఎప్పుడూ ఆడలేదు. అయిదో రోజు పొద్దున చూస్తే పువ్వు నోరు తెరిచి ఉంది. చేపలు రెండూ దాని దగ్గరికి పోకుండా మూలన నక్కి ఉన్నాయి.

దేవ్‌సింగ్‌ను పిలిపించింది. అతను తొట్టిలోకి తొంగిచూసి, "అయిపోయినట్టే" అన్నాడు. "ఒకటి చేద్దాం. తాళమేసి తండాకు రా. కరెంటు లేక సచ్చిందని నేను ఫోన్ చేసి చెప్త. సమ్మె జేసిందే దెబ్బ తగలాలని, తగిలింది. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

"వాళ్లు నన్ను నమ్మి పోయిన్రుర."

"నమ్మినోళ్లు గిప్పుడేమనుకుంటరో సూస్తవ్ తియ్."

ఆమె ఇంకేం వినలేదు. తనే కాకినాడకు ఫోన్ కలపమంది తమ్ముడిని. సారు ఎత్తాడు. ఏడుపు ఆపుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పింది, నాలుగు రోజుల అబద్ధంతో సహా. ఆయన కోప్పడలేదు. ఒక్కొక్కటే అడిగాడు. గాలి ఆగిందా? ఆగనియ్యలేదు. ఉప్పు కొలత తప్పిందా? తప్పలేదు. సబ్బు చేతులు పెట్టావా? లేదు సారూ, నా బిడ్డమీద ఒట్టు.

"మరి నీళ్ళు దేంట్లో పట్టావు?"

"రాగి బిందెల, సారూ." ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతులో కాస్త ధైర్యం వచ్చింది. "సబ్బు తగలలే, ఇనుము తగలలే. తెల్లారేదాక నిలవెట్టి మరీ పోసిన."

సారు పక్కకు తిరిగి నీరసంగా, "రాగి పోసింది గ్రేస్. వీటికి రాగి విషం" అనడం వినిపించింది. దాని వెనకే డాక్టరమ్మ గొంతు. ఫోన్‌కు దూరంగా ఉన్నా స్పష్టంగా వినపడింది. "రాగా? అది తుల్సీకెలా తడుతుందండీ? ఎవరో చెప్పి చేయించే ఉంటారు. ఆ తమ్ముడొకడున్నాడు కదా. నేను అప్పుడే అన్నాను, పోలీసులకి చెప్పి వద్దామని."

తుల్సీబాయి గోడకు ఆనుకుని కూలబడింది. ఫోన్ చెవి దగ్గరే ఉంది. సారు గబగబా చెబుతున్నాడు. డ్రమ్ములో ఫిల్టరు నీళ్ళున్నాయా? వాటిలో ఉప్పు కలుపు. పువ్వును, చేపల్ని అందులోకి మార్చు. కాలు తెగితే చచ్చిపోతుంది, గోరుతో మెల్లగా ఒలువు. రాగి పీల్చిన ఆ రాయి కూడా పెట్టకు. మేం వీలైనంత తొందరగా... అంతలో లైను తెగిపోయింది.

ఆమె చెప్పింది విని దేవ్‌సింగ్ పళ్ళు నూరాడు. "ఇన్నవా? పోలీసులట! లే అక్కా, నడువ్. బిందె నేను తీస్కపోయి బాయిల పారేస్త. అడిగితె డ్రమ్ముల్నే పట్టిన అను. ఏ సాక్ష్యం ఉన్నది?"

"బిందె ముట్టకు" అంది తుల్సీబాయి. "దాసిపెడితె దొంగనైత. అది గా అరుగు మీదనే ఉండాలె, వచ్చినోళ్లు సూడనీ." అతను విసురుగా ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

ఉప్పు రెండు కొలతలే మిగిలింది. ఒకటి డ్రమ్ములో ఉన్న బకెట్‌డు నీళ్ళలో కలిపి, డబ్బాలో ముల్లు ఆకుపచ్చ గీత మీద ఆగేదాకా చూసుకుంది. తర్వాత మోచేతి దాకా తొట్టిలో చెయ్యి పెట్టింది. దవాఖానలో పుండుకు అతుక్కుపోయిన కట్టును నీళ్ళు చిలకరించి రవ్వంత రవ్వంతగా లేపినట్టు, చూపుడువేలి గోరు దాని కాలు కిందికి జరిపింది. లాగలేదు. అది కాస్త వదిలేదాకా ఆగింది, ఇంకాస్త జరిపింది. మధ్యాహ్నమంతా అదే పని. పువ్వు చివరకు అరచేతిలోకి జారినప్పుడు నిమ్మకాయంత ఉంది, మెత్తగా, చచ్చిన దానిలా. దాన్ని డ్రమ్ములోకి వదిలి, చేపల్ని కూడా జగ్గుతో ముంచి అందులోకే మార్చింది. దాని వేళ్ళు కుట్టి చేతి నిండా దద్దుర్లు లేచాయి.

ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆమె ఆ ఇంట్లోంచి కదల్లేదు. కరెంటు ఉంటే బుడగలు, లేకపోతే జగ్గు. రెండో కొలత ఉప్పును చిటికెడు చిటికెడు కలిపి, రోజుకొక జగ్గు నీళ్ళు మార్చింది. లైన్లు కలవకో, మరెందుకో, కాకినాడ నుంచి మళ్ళీ ఫోన్ రాలేదు. ఆమె కూడా చెయ్యలేదు, ఏమని చేస్తుంది? గేటు చప్పుడైతే లాఠీ తగిలిన చప్పుడనుకునేది. జీపు పోతే కిటికీ సందులోంచి చూసేది. పారిపోదామని ఎన్నిసార్లు లేచిందో. లేచిన ప్రతిసారీ డ్రమ్ములోకి చూసేది. తను పోతే ఆ నీళ్ళు చిలికేవాళ్ళు లేరు. తిట్టుకుంటూ మళ్ళీ కూర్చునేది. "నీ పాడుగాను, నువ్వు సచ్చినా నాకే వస్తది, బతికినా నాకే వస్తది" అని దాన్ని తిట్టేది.

సమ్మె సద్దుమణిగి రైళ్ళు నడిచిన మూడో రోజు పొద్దున, వాకిట్లో ఆటో ఆగింది. జాన్ సారు దిగాడు. డాక్టరమ్మ దిగింది. రెండు సంచులు దిగాయి. తుల్సీబాయి తడి చేతులతో అరుగు మీదికి వచ్చి నిలబడింది. వాళ్ళ మొహాలు చూడలేదు. వాళ్ళ వెనక రోడ్డు వైపు, ఆ మలుపు దాకా చూసింది.

సారు చెప్పులు విప్పి గబగబా లోపలికి పోయాడు. డాక్టరమ్మ మాత్రం మెట్టు దగ్గర ఆగింది. పగిలి నెత్తురు చిమ్మిన ఆ వేళ్ళను చూసింది, దద్దుర్లెక్కిన మోచేతులను చూసింది. "ఎవరికోసం చూస్తున్నావు తుల్సీ?" అంది.

"పోలీసుల కోసం, డాక్టరమ్మా."

"పోలీసులెందుకు?"

"మీరు ఫోన్ల అన్నది ఇనవడ్డది. బిందె గక్కడనే ఉన్నది, సూస్కోండ్రి. సంపాలని పోయలేదమ్మా. మా అవ్వకు పాణం బాగలేనప్పుడు తాపిన నీళ్లే దానికీ పోసిన." కళ్ళనిండా నీళ్ళున్నా తుడుచుకోలేదు, చేతులకు ఉప్పు ఉంది.

డాక్టరమ్మ అలాగే మెట్టు మీద కూలబడి మొహం కొంగులో దాచుకుంది. తుల్సీబాయి కూడా ఆ పక్క మెట్టు మీద కూర్చుంది.

"గ్రేస్!" లోపలినుంచి సారు కేక వినిపించింది. "బతికే ఉంది గ్రేస్! వేలికి అంటుకుంటోంది! రా, వచ్చి చూడు!"

ఇద్దరిలో ఎవరూ లేవలేదు.